బండి వెనక రెండు దెబ్బలు

దయ్యాలను నమ్మే పని మా ఇంట్లో మా అత్తగారిది. ఆవిడ అందరి వాటా కలిపి నమ్మేసేవారు కాబట్టి నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. పైగా నేను ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. కాగితం మీద లేనిది లోకంలో లేనట్టే అన్నది మా ఆఫీసు మతం. ఆ మతంలోనే నా జుట్టు నెరిసింది.

మా క్వార్టర్స్‌లో పై అంతస్తు ఫ్లాటు చాలాకాలం ఖాళీగా ఉండేది. అందులోంచి గజ్జెల చప్పుడు వస్తోందని పక్కింటి పంజాబీ ఆంటీ మంచం పట్టినంత పని చేసింది. నేను ప్లంబర్ని వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాను. నీళ్ళ ట్యాంకు మూతకు కట్టిన గొలుసు గాలికి కొట్టుకుంటోంది. దాన్ని తాడుతో బిగించాక గజ్జెలు ఆగిపోయాయి. ఆంటీ మాత్రం ఆ దయ్యం నాకు భయపడి పారిపోయిందని ఇప్పటికీ చెబుతుంది.

అలాంటి మనిషిని నేను. ఇది చదివాక నన్ను కూడా మా అత్తగారి పక్కన కూర్చోబెట్టేస్తారేమో, మీ ఇష్టం. జరిగింది జరిగినట్టు చెబుతాను. తెలియని చోట తెలియదనే చెబుతాను.

మా ఆయనది శ్రీకాకుళం జిల్లా. ఆర్మీలో డ్రైవరుగా చేరి సుబేదారుగా రిటైరయ్యారు. సర్వీసులో సగం కాలం మంచుకొండల్లో బరువు లారీలు నడిపారు. నా ఉద్యోగం ఢిల్లీలో కాబట్టి నేను, మా అమ్మాయి హారిక ఇక్కడే ఉండేవాళ్ళం. సెలవు దొరికినప్పుడు ఆయన వచ్చేవారు. మా పెళ్ళిలో కలిసి ఉన్న రోజులకంటే ఎదురుచూసిన రోజులే ఎక్కువ. రిటైరయ్యాక ఇద్దరం కలిసి బోలెడంత కాలం గడపొచ్చని లెక్కలు వేసుకున్నాం. ఆ కాలం ఎక్కువ దొరకలేదు. ఒక ఉదయం టీ తాగుతూ ఛాతీలో ఏదో పట్టేసినట్టుందన్నారు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. తిరిగి తెచ్చుకోలేకపోయాం.

ఆ తర్వాత ఆయన అందరి కలల్లోకీ వచ్చారు. మా అత్తగారి కలలోకి వచ్చి పప్పుచారు అడిగారట. హారిక కలలో స్కూలు బస్సు దగ్గర నిలబడ్డారట. చివరికి పంజాబీ ఆంటీ కలలోకి కూడా వెళ్ళి, స్టార్టవని ఆవిడ బండిని నెట్టి స్టార్ట్ చేసిపెట్టారట. ఆవిడ ఆ సంగతి కళ్ళనీళ్ళతో చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నా కలలోకి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

నవ్వుకోండి కానీ, ఆ రోజుల్లో నా బాధంతా అదే. మనిషి పోయాడన్న దుఃఖం ఒక పక్క, నన్ను మాత్రం వదిలేసి ఊరందరినీ పలకరిస్తున్నాడన్న ఉక్రోషం ఒక పక్క. కలలూ దయ్యాలూ నమ్మనిదాన్ని, అయినా పడుకునేముందు ఆయన చొక్కా తలగడ కింద పెట్టుకునేదాన్ని. ఒక్కసారి, ఎలాగైనా సరే, ఒక్కసారి ఆయన జాడ తెలిస్తే చాలనిపించేది.

యూరప్ ప్రయాణం ఆయన కోరిక. "ఇన్నేళ్ళు కొండల్లో బండి తోలాను గానీ, ఒక్క కొండయినా చూశానేటి? ముందు లారీ వెనక భాగం తప్ప నాకేటీ కనపడలేదు," అనేవారు. కాన్వాయ్‌లో వెళ్ళేటప్పుడు డ్రైవరు కళ్ళు ముందు బండి మీదే ఉండాలట. అందుకని ముందూ వెనకా ఏ బండీ లేకుండా, ఎవరి ఆర్డరూ లేకుండా, ఆల్ప్స్ కొండల్లో అద్దెకారు తీసుకుని తనిష్టం వచ్చినచోట ఆపుకుంటూ వెళ్ళాలని ఆశ. రోజూ సాయంత్రం ఫోన్లో ఆ రోడ్ల వీడియోలు చూస్తూ, మలుపు వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చునే ఒరిగేవారు.

ఆయన పోయిన రెండో వేసవిలో హారిక ఒకరోజు గుర్‌గావ్‌లో ఆఫీసు నుంచి వస్తూనే, "మమ్మీ, హమ్ జా రహే హైఁ. నాన్న ట్రిప్ మనం చేద్దాం," అంది. అది మాట్లాడే తెలుగు అంతే. సగం హిందీ, మిగిలినదాంట్లో సగం ఇంగ్లీషు, నాన్న అన్న మాట మాత్రం అచ్చ తెలుగు.

నేను వద్దన్నాను. మళ్ళీ నేనే ఆఫీసులో పర్మిషన్‌కి అర్జీ పెట్టాను. బండి హారిక నడపాలి, నేను పక్కన కూర్చుని కొండలు చూడాలి, అదీ ఏర్పాటు. అయినా ఇంటర్నేషనల్ పర్మిట్ ఇద్దరం తీసుకున్నాం, అద్దెకారు బుకింగులో ఇద్దరి పేర్లూ రాయించాం. రెండో డ్రైవరు లేకుండా దూరప్రయాణానికి బండి కదలకూడదని మా ఆయన పట్టుదల. ఆయన లేకపోయినా ఆ పట్టుదల మా ఇంట్లో ఉండిపోయింది.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. సెలవులకు వచ్చినప్పుడు ధౌలా కువాన్ దాటి కంటోన్మెంట్ లోపలి రోడ్ల మీద, ఆదివారం పొద్దున్నే. ముందుకు నడపడం బాగానే వచ్చింది. రివర్స్ మాత్రం నా వల్ల కాలేదు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది, నా బుర్ర గుండ్రంగా తిరుగుతుంది. ఆఫీసులో పార్కింగ్‌వాలా భయ్యాకి తాళాలు ఇచ్చేసేదాన్ని. ఆడవాళ్ళ రివర్స్ గురించి జోకులు వేసే మగవాళ్ళు ఎదురైనప్పుడు మాత్రం ఒంటికాలి మీద లేచేదాన్ని.

ఆస్ట్రియాలో దిగిన మర్నాడే సాల్జ్‌బర్గ్ వీధిలో హారిక కాలు మడతపడింది. నున్నటి రాళ్ళు పరిచిన వీధి, పైన వాన పడి ఉంది. అది ఫోన్లో ఫొటో తీస్తూ నడుస్తోంది. కుడి చీలమండ గుమ్మడికాయలా వాచింది. ఎముక విరగలేదని డాక్టరు చెప్పి, కట్టు కట్టి, కాలు చాపి ఉంచమన్నారు.

"కాన్సిల్ కర్ దేతే హైఁ, ట్రిప్ మానేద్దాం," అంది హారిక మొహం ముడుచుకుని. నేనూ సరేననబోయాను. కానీ ఆయన కుర్చీలో అటూ ఇటూ ఒరగడం కళ్ళముందు కనిపించింది. "నేను నడుపుతాను," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను.

కారు దగ్గర మొదటి తప్పు మన దేశంవాళ్ళందరూ చేసేదే. తాళం తీసుకుని ఠీవిగా కుడివైపు తలుపు తీసి కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగ్ లేదు. అద్దెకార్ల ఆఫీసులో తాళం ఇచ్చిన ఆవిడ ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూసింది. దిగి, ఇటు తిరిగి వచ్చి, ఎడమవైపు కూర్చున్నాను. తర్వాత గుర్తొచ్చి మళ్ళీ దిగాను. సూపర్ మార్కెట్‌లో కొన్న నిమ్మకాయలు సంచీలోంచి తీసి నాలుగు చక్రాల కిందా పెట్టాను. ఆవిడ ఈసారి ఆకాశంలోకి చూడలేకపోయింది. ఏదో పోగొట్టుకున్నారా అని అడిగింది. "పూజా," అన్నాను. నిమ్మకాయలు తొక్కించి బండి కదిలించాను. కొత్త బండికి మా ఆయన చేసే పద్ధతి అది, అద్దె బండయినా వదలరు.

హారిక వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంది. నా పక్కన సీటు ఖాళీ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన దేశంలో డ్రైవరు కుడివైపు, పక్కన కూర్చునేవాళ్ళు ఎడమవైపు. పెళ్ళయినప్పటినుంచీ కారులో నేను ఆయనకు ఎడమవైపే కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ నా కుడిపక్కన. ఆ దేశంలో స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి నేను మళ్ళీ నా పాత చోటులోనే ఉన్నాను. చేతిలో స్టీరింగ్ ఉంది గానీ, కూర్చున్న చోటు అదే, అద్దంలోంచి రోడ్డు కనిపించే తీరు అదే. కుడివైపు తిరిగితే ఆయన ఉండాలి. మెడ దానంతటదే అటు తిరిగేది. ప్రతిసారీ సీటు ఖాళీగా కనిపించేది. ఢిల్లీలో కారు నడిపినప్పుడు ఇలా ఎప్పుడూ అనిపించలేదు. అంత దూరం వెళ్ళి ఆయన లేని చోటు పక్కనే కూర్చోవలసి వచ్చింది.

మొదటిరోజు ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేశాను. ఎండలో వైపర్లు ఆడించుకుంటూ వెళ్తున్న మమ్మల్ని చూసి జనం నవ్వుకునే ఉంటారు. రెండో రోజుకి చెయ్యి కుదురుకుంది. సరస్సుల పక్కనుంచి రోడ్డు. నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయంటే, నేను చటుక్కున కుడివైపు తిరిగి, "ఏవండీ, అటు చూడండి," అనేశాను.

హారిక వెనక కిటికీ దించి అటే చూసింది. "నాన్నకి ఇది నచ్చేది, కదా మమ్మీ," అంది. నేను తలూపాను. మాట్లాడితే కళ్ళు నిండుతాయి, రోడ్డు కనపడదు.

మూడో రోజు కొండమీద ఒక రైతు ఇంట్లో గది తీసుకున్నాం. పెద్ద రోడ్డు వదిలి పైకి వెళ్ళే దారి సన్నగా ఉంది, ఒక బండికే సరిపోతుంది. ఎదురుబళ్ళ కోసం అక్కడక్కడా రోడ్డు అంచున కాస్త వెడల్పు చేసి ఉంచారు. మేం ఎక్కుతుంటే ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. అంచున గోడ లేదు, గడ్డి మాత్రమే ఉంది.

మధ్యాహ్నం దాటింది. సన్నగా జల్లు. సగం దూరం ఎక్కేసరికి మబ్బు దిగి రోడ్డు మీద కూర్చుంది. ముందు కాస్త దూరం వరకు కనిపిస్తోంది, వెనక అంతా తెలుపు. బండి వెనక కెమెరా మీద బురద చిమ్మి, తెర మీద కూడా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది.

అప్పుడు మలుపులోంచి దుంగల లారీ వచ్చింది. కొయ్యదుంగలు నిండా వేసుకుని, దిగుడులో, మా ఎదురుగా ఆగింది. డ్రైవరు పెద్దాయన. కోపంగా ఏమీ లేడు. చెయ్యి వెనక్కి ఊపి చూపించాడు. మేం దాటి వచ్చిన మలుపులో వెడల్పు చోటు ఉంది, అక్కడిదాకా నేను వెనక్కి వెళ్ళాలి. అంత బరువుతో అతను కొండ మీదికి వెనక్కి పోలేడు. న్యాయం అతనిదే.

హారిక వెనక్కి తిరిగి చూసి, "మమ్మీ, కుఛ్ నహీఁ దిఖ్ రహా, ఏమీ కనపడట్లేదు," అంది. దిగి దారి చూపిస్తానని తలుపు తెరవబోయింది. ఆ కాలితో, ఆ అంచున, ఆ జారుడులో! కదలొద్దని అరిచాను. నా కిటికీ దించాను. రివర్స్ గేరు వేశాను. బండి అంగుళం కదిలితే నా గుండె అడుగు కిందికి పోతోంది. బ్రేకు తొక్కేసి, ఇక నావల్ల కాదని స్టీరింగ్ మీద తల పెట్టేశాను.

అప్పుడు వినిపించింది. బండి వెనక రేకు మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. రెండు దెబ్బలు. మొదటిది మెల్లగా, రెండోది గట్టిగా.

ఈ దెబ్బల సంగతి లారీలు చూసినవాళ్ళందరికీ తెలిసిందే. బండి వెనక్కి వస్తున్నప్పుడు క్లీనరో, రెండో డ్రైవరో దిగి వెనక నిలబడతాడు. ఇంజను హోరులో మాట వినపడదు కాబట్టి చేత్తో బండిని కొడతాడు. రెండు కొడితే రా అని. ఒకటి కొడితే ఆగు అని. మా ఆయన ఆ అలవాటు లారీల దగ్గర వదిలిపెట్టలేదు. ఢిల్లీలో పుస్తకాల షాపులుండే బేర్ సరాయ్ సందుల్లో హారిక పరీక్ష పుస్తకాలకని వెళ్ళి నేను ఇరుక్కుపోయిన ప్రతిసారీ ఆయన దిగి, వెనక నిలబడి, మా చిన్న కారుని కూడా అలాగే కొట్టేవారు. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి. డిక్కీ సొట్ట పోతుందని నేను తిట్టేదాన్ని.

నేను ఏమీ ఆలోచించలేదు. భయం వేయలేదు, ఆశ్చర్యం కూడా వేయలేదు. కాలు బ్రేకు మీదనుంచి దానంతటదే లేచింది. బండి వెనక్కి కదిలింది.

రెండు దెబ్బలు. వచ్చాను. మళ్ళీ రెండు. వచ్చాను. స్టీరింగ్ కాస్త తిప్పాను, ఎటు తిప్పాలో చేతులకు తెలిసినట్టుంది. మళ్ళీ రెండు. బేర్ సరాయ్‌లోనో, కంటోన్మెంట్‌లోనో ఉన్నట్టుంది. జీవితంలో అంత చక్కగా నేనెప్పుడూ రివర్స్ చేయలేదు.

తర్వాత ఒకటే దెబ్బ. గట్టిగా. బండి అదిరింది. బ్రేకు తొక్కాను.

లారీ మెల్లగా మమ్మల్ని దాటి దిగింది. దాటుతూ డ్రైవరు నాకు చెయ్యెత్తాడు. కాస్త ముందుకు వెళ్ళాక, మా బండి వెనక భాగం దగ్గర, ఇంకోసారి చెయ్యెత్తాడు. వెనక సీట్లో ఉన్న హారికకు ఎత్తి ఉండొచ్చు. అలాగే అనుకోవడం మంచిది.

నేను తలుపు తీసుకుని దిగి వెనక్కి పరిగెత్తాను. ఎవరూ లేరు. కుడి వెనక చక్రం గడ్డి అంచు మీద ఉంది. దాని అవతల మనిషి నిలబడాలంటే ఒక్కడు, అదీ పక్కకి తిరిగి నిలబడేంత చోటుంది. ఆ తర్వాత మబ్బు. బండి మీద బురదలో అరచేతి గుర్తుందేమోనని వెతికాను. జల్లుకు బురదంతా చారలుగా కారుతోంది, ఏదీ తేల్చి చెప్పలేను. గడ్డి మీద అడుగులు లేవు. తడిగడ్డి అడుగుల్ని నిలుపుకోదు కూడా.

"ఏవండీ," అని పిలిచాను. ఒకసారి మెల్లగా, తర్వాత గొంతెత్తి. ఆ కొండ మీద ఎవరున్నా పిచ్చిదాన్ననుకునేవారు.

తిరిగి వచ్చి కూర్చున్నాక హారిక తెల్లబోయి నన్నే చూస్తోంది. "మమ్మీ, వో కౌన్ థా? బండిని ఎవరు కొట్టారు?" అంది. "ఎటునుంచి వినబడింది నీకు?" అని అడిగాను. అది బండి కుడి వెనక మూలకి చెయ్యి చూపించింది. చక్రం అంచు మీదున్న ఆ మూల.

కాబట్టి అది నా ఒక్కదాని భ్రమ కాదు. ఇది మాత్రం రూఢిగా చెప్పగలను.

ఆ సాయంత్రం రైతు ఇంటావిడ వేడి సూపు పోసింది. ఆ దారిలో ఎవరైనా పనివాళ్ళు ఉంటారా అని హారిక ఇంగ్లీషులో అడిగింది. ఆ మలుపు దగ్గర ఇళ్ళూ లేవు, పొలాలూ లేవు అంది ఆవిడ. ఎవరైనా కొండలు ఎక్కేవాళ్ళు అయ్యుండొచ్చని తనే అంది. అయ్యుండొచ్చు. ఆల్ప్స్ కొండలెక్కే మనిషికి మన లారీ క్లీనర్ల దెబ్బలు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

నేను సంతోషంగా ఉన్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం. ఆ పూట సూపు తాగుతూ కొత్త పెళ్ళికూతురిలా నాలో నేనే నవ్వుకున్నాను. ఊరందరి కలల్లోకీ వెళ్ళినా, మెలకువగా ఉన్నప్పుడు వచ్చింది నా దగ్గరికే. అత్తగారికీ పంజాబీ ఆంటీకీ దక్కనిది నాకు దక్కింది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేకపోయాను.

మర్నాడు ఎండ కాసింది. కిందికి దిగి ఊళ్ళో రొట్టె కొని తెద్దామని హారికకు చెప్పాను. దిగాం, కొన్నాం. తిరిగి ఎక్కుతూ ఆ మలుపు దాటాక బండి ఆపాను. ముందు లారీ లేదు, మబ్బు లేదు, వెనక్కి వెళ్ళవలసిన పనే లేదు. కిటికీలన్నీ దించాను. రివర్స్ వేశాను.

"క్యా హువా మమ్మీ?" అంది హారిక.

"ఏం లేదు," అన్నాను. బండి మెల్లగా వెనక్కి వదిలాను. చెవులు వెనక్కి పెట్టి కూర్చున్నాను. ఎక్కడో ఆవుల మెడగంటలు మోగుతున్నాయి. టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడు. అంతే. ఇంకాస్త వెనక్కి వెళ్ళాను. నిన్న కూడా వెంటనే కొట్టలేదు కదా, నేను చేతులెత్తేశాకే కదా కొట్టారు అనుకున్నాను. ఇంకాస్త. అద్దం చూడలేదు. చూస్తే ఆయన అవసరం నాకు లేదని తెలిసిపోతుందనిపించింది. కుడివైపు చక్రం రోడ్డు దిగి గడ్డి ఎక్కినట్టు బండి కాస్త ఒరిగింది. కొట్టండి, ఒక్కటి కొట్టండి, నేను ఆగిపోతాను అనుకుంటున్నాను.

"మమ్మీ, రుకో! అమ్మా, ఆపు!"

హారిక నా భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకుంది. బ్రేకు తొక్కాను. ఇద్దరం కదల్లేదు. దాని ఊపిరి నా మెడకు తగులుతోంది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, ఊహ తెలిసినప్పటినుంచీ మమ్మీ తప్ప అనలేదు. అది అమ్మా అనడం నేను వినడం అదే మొదటిసారి.

"ఆయన వస్తారేమోనని..." అన్నాను.

"నాకు తెలుసు," అంది ఏడుస్తూ. "నిన్ననే తెలుసు. లేకిన్ బండిలో మై భీ తో హూఁ. నేను కూడా ఉన్నాను కదా. నన్ను కూడా తీసుకుపోతావా?"

ముందురోజు చప్పుడు విన్నప్పుడు పుట్టని భయం అప్పుడు పుట్టింది. గేరు మార్చి ముందుకు పోనిచ్చాను. ఆ కొండ దిగేదాకా మళ్ళీ రివర్స్ గేరు ముట్టుకోలేదు. మిగిలిన రోజులు హారిక నొప్పి కాలు కిందికి దించుకుని, నా పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది. వద్దన్నా వినలేదు.

ఢిల్లీ వచ్చాక ఈ సంగతి మా ఆయన స్నేహితుడొకరికి చెప్పాను. కొండల్లో ఆయనతో ఒకే లారీ మీద రెండో డ్రైవరుగా చేసిన మనిషి, మాకు సొంత అన్నయ్యలాంటివారు. ఏదో పని మీద ఢిల్లీ వస్తే నేనూ హారికా అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్ళాం. ఆయన పప్పన్నం కలుపుకుంటూ అంతా విన్నారు. ఆయనకూ ఈ నమ్మకాలు లేవు.

"తడిరోడ్డు మీద టైరులో రాయి ఇరుక్కుంటాదమ్మా. అది రేకుకి తగిలితే అచ్చం సెయ్యి దెబ్బలాగే ఉంటాది," అన్నారు. లారీ మీద దుంగలు కదిలి ఒకదానికొకటి కొట్టుకుని ఉంటాయని కూడా అన్నారు. కొండల్లో చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినబడుతుందట. నాకూ అదే నిజమై ఉండాలనిపించింది. అలా అయితే ఎదురుచూడడం మానేయొచ్చు.

"లేదంటే మనసు," అన్నారు. "ఇన్నేళ్ళు ఇన్న సప్పుడు కదా తల్లీ. భయమేసినప్పుడు మనసే ఇనిపిస్తాది."

"హారిక కూడా విందన్నయ్యా," అన్నాను. అన్నాక నాకే ఇంకో సంగతి తట్టింది. అంతవరకూ ఎందుకు తట్టలేదో తెలియదు.

బండి వెనక నిలబడేవాళ్ళు ఎప్పుడూ డ్రైవరుకు కనిపించని పక్కనే నిలబడతారు. మన బళ్ళలో డ్రైవరు కుడివైపు ఉంటాడు కాబట్టి వాళ్ళు ఎడమ మూల ఉంటారు. నా జీవితంలో నేను విన్న ప్రతి దెబ్బా ఎడమ వెనక మూల నుంచే. నా మనసే వినిపించి ఉంటే అటునుంచే వినిపించాలి, దానికి తెలిసింది అదొక్కటే. ఆ కొండ మీద మాత్రం చప్పుడు కుడి వెనక మూల నుంచి వచ్చింది. స్టీరింగ్ ఎడమవైపున్న బండికి మనిషి నిలబడవలసిన చోటు అదే. లోయ ఉన్నదీ అటే.

ఈ మాట చెప్పాను. అన్నయ్యగారు కలుపుకున్న ముద్ద విస్తట్లోనే పెట్టేశారు. "ఆడు ఎడం సేతి స్టీరింగు బండి ఎప్పుడూ తోలలేదమ్మా," అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ వివరించడానికి ప్రయత్నించలేదు. హారిక ఆయన గ్లాసులో మజ్జిగ పోసింది.

నేనిప్పటికీ దయ్యాలను నమ్మను. అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు, చెబితే శాంతి చేయిస్తానంటారు. శాంతి చేయిస్తే ఆయన ఇక రారేమో. నమ్మనిదానికి ఈ భయమెందుకో నన్నడగొద్దు.

విన్నవాళ్ళంతా ఒకటే అంటారు, నిన్నూ నీ పిల్లనూ కాపాడడానికి వచ్చారమ్మా అని. అయ్యుండొచ్చు. నన్ను పట్టి పీడించేది అది కాదు. బండి చిన్నది. ఆ వెనక మూల నుంచి నా తలుపు దగ్గరికి ఎంత దూరం? నా కిటికీ దించే ఉంది. బండి ఆగాక ఆయన ఎప్పుడూ చుట్టూ తిరిగి వచ్చి, కిటికీలోంచి తల వంచి, "సూశావా, వచ్చింది కదా," అని నవ్వేవారు. అంత దూరం వచ్చిన మనిషి, ఆ నాలుగడుగులు ఎందుకు వేయలేదు? నేనే తొందరపడి దిగిపోయానా? ఇంకొక్క క్షణం కూర్చుని ఉంటే వచ్చేవారా?